కోడ్ జనరేటర్‌కు సొంత ఎక్స్‌టెన్షన్ రాస్తున్నారా? కాన్ఫిగరేషన్ ఫైలును నమ్మకంగా చదివించే పద్ధతి

నా కంప్యూటర్‌లో వారాల తరబడి చక్కగా నడిచిన కోడ్ జనరేటర్ (ఒక వివరణ ఫైలును చూసి కోడ్‌ను తానే రాసిపెట్టే సాధనం) ఎక్స్‌టెన్షన్, బిల్డ్ సర్వర్ మీదకు వెళ్ళిన మొదటి రోజే ఆగిపోయింది. లాగ్‌లో మిగిలింది ఒక్క ముక్క: "యూఆర్‌ఐ ఈజ్ నాట్ హైరార్కికల్". ఫైలు ఉంది, పేరు సరిగ్గానే ఉంది, జార్ (జావా క్లాసులనూ, ఫైళ్ళనూ కలిపి కట్టిన మూట) విప్పి చూస్తే లోపల కనిపిస్తూనే ఉంది. అయినా జావా దాన్ని తెరవలేనంటోంది. ఆ రోజు సాయంత్రం దాకా వెతికితే తేలింది ఒక్కటే. తప్పు ఫైల్లో లేదు, ఆ ఫైలు ఎవరిది, ఎక్కడుంటుంది అన్న విషయంలో నేను చేసుకున్న ఊహలో ఉంది.

కోడ్ జనరేటర్‌లో కాన్ఫిగరేషన్ పొరపాటు మామూలు అప్లికేషన్‌లో కన్నా ప్రమాదకరం. అప్లికేషన్‌లో ఫైలు దొరకకపోతే ప్రోగ్రాం అక్కడే ఆగుతుంది. జనరేటర్‌లో ఫైలు దొరకకపోయినా పని ముందుకు సాగిపోయే అవకాశం ఉంది. వందల క్లాసులు పుడతాయి, కంపైల్ అవుతాయి, సర్వర్ల మీదకు వెళ్తాయి. తేడా ఎప్పుడో, ఎక్కడో బయటపడుతుంది. అందుకే ఈ ఒక్క పనికి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఉదాహరణకు ఓపెన్‌ఏపీఐ జనరేటర్‌ను తీసుకుంటున్నాను. 2018లో స్వాగర్ కోడ్‌జెన్ నుంచి విడిపోయి వచ్చిన ఈ సాధనం జావాలో రాసినది. ఏపీఐ స్పెసిఫికేషన్ (ప్రోగ్రాంలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీరును వివరించే ఫైలు) ఇస్తే క్లాసులు రాసిపెడుతుంది, మన సొంత జనరేటర్‌ను చేర్చుకోవడానికి దారి కూడా ఇస్తుంది. 7వ వెర్షన్ నుంచి దీన్ని నడపడానికి కనీసం జావా 11 కావాలి. మరో జనరేటర్ వాడేవారికి మెథడ్ల పేర్లు మారతాయి, చిక్కులు మాత్రం దాదాపు ఇవే.

మనకు కావలసిన పని ఇది: పుట్టే జావా క్లాసుల్లో ఆధార్ నంబరు, ఫోన్ నంబరు వంటివి లాగ్‌లోకి వెళ్ళకుండా టూస్ట్రింగ్ (ఆబ్జెక్టును అక్షరాలుగా రాసి ఇచ్చే) మెథడ్‌లో చుక్కలుగా మారాలి. ఏ క్లాసులో ఏ ఫీల్డును మరుగు పరచాలో ఒక యామల్ (సెట్టింగులు రాసుకునే సాదా టెక్స్ట్ ఫార్మాట్) ఫైలు చెప్పాలి. ఆ ఫైలు రూపం ఇలా ఉంటుంది. కోడ్‌లోని పేర్లను ఈ వ్యాసమంతటా ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో రాస్తున్నాను, మీ ఫైల్లో మీ స్పెసిఫికేషన్‌లోని పేర్లే ఉండాలి.

మరుగు:
  కస్టమర్:
    - ఆధార్‌నంబర్
    - ఫోన్
  చెల్లింపు:
    - ఖాతాసంఖ్య
గుర్తు: "••••"

మొదటి మెట్టు: ఆ ఫైలు ఎవరిదో తేల్చుకోండి

కోడ్ రాయకముందే ఈ ప్రశ్నకు జవాబు కావాలి. ఈ ఫైలును మార్చే హక్కు ఎవరికి ఉంది?

ఎక్స్‌టెన్షన్ రాసినవారిదే అయితే, అంటే అందరికీ వర్తించే డిఫాల్ట్ విలువలు అయితే, అది జార్ లోపల ఉండాలి. దాన్ని క్లాస్‌పాత్ (జావా క్లాసులనూ, ఫైళ్ళనూ వెతికే చోట్ల జాబితా) రిసోర్సుగా చదవాలి. ఎక్స్‌టెన్షన్‌ను వాడుకునే బృందానిది అయితే అది వారి ప్రాజెక్టులో డిస్క్ మీద ఉండాలి, దాని దారిని వారే ఆప్షన్‌గా చెప్పాలి. ఈ రెండింటినీ ఒకే కోడ్‌తో చదవాలని చూడకండి. "ముందు డిస్క్ మీద వెతుకుదాం, లేకపోతే క్లాస్‌పాత్‌లో వెతుకుదాం" అన్న పద్ధతి చూడడానికి ఉదారంగా ఉంటుంది. కానీ వాడేవారు దారిలో ఒక్క అక్షరం తప్పు రాస్తే, ఎవరికీ తెలియకుండా జార్‌లోని పాత ఫైలు వచ్చి కూర్చుంటుంది. మన ఉదాహరణలో దాని అర్థం, ఆధార్ నంబర్లు లాగ్‌లో బాహాటంగా పడటం.

మన పనికి రెండూ కావాలి. మరుగు గుర్తు వంటి డిఫాల్టులు జార్‌లో ఉంటాయి. ఏ ఫీల్డులు అన్నది వాడే బృందం చెబుతుంది.

రెండో మెట్టు: ఎక్స్‌టెన్షన్‌ను విడి మాడ్యూల్‌గా పెట్టండి

ఓపెన్‌ఏపీఐ జనరేటర్ కమాండ్ లైన్‌లో "మెటా" అనే ఆదేశం ఉంది. అది ఖాళీ ఎక్స్‌టెన్షన్ ప్రాజెక్టును తయారుచేసి ఇస్తుంది, అక్కడి నుంచి మొదలుపెట్టడం సులువు. అందులో గమనించవలసినది మెటా-ఐఎన్ఎఫ్/సర్వీసెస్ ఫోల్డర్‌లోని ఫైలు. దాని పేరు కోడ్‌జెన్‌కాన్ఫిగ్ ఇంటర్‌ఫేస్ పూర్తి పేరు, అంటే "ఆర్గ్.ఓపెన్‌ఏపీఐటూల్స్.కోడ్‌జెన్.కోడ్‌జెన్‌కాన్ఫిగ్". లోపల ఒక్క వరుస, మీ క్లాసు పూర్తి పేరు. జావాలోని సర్వీస్‌లోడర్ ఈ ఫైలు చూసే మీ జనరేటర్‌ను కనుక్కుంటుంది.

జనరేటర్‌నూ, దాని డిపెండెన్సీలనూ కలిపి ఒకే పెద్ద జార్ చేస్తుంటే ఒక జాగ్రత్త తీసుకోండి. వేర్వేరు జార్లలో ఇదే పేరుతో ఉన్న సర్వీసు ఫైళ్ళలో ఒకటి మరొకదాన్ని కప్పేయకుండా కలపాలి. జావా బిల్డ్ సాధనమైన మేవెన్‌కు ఉన్న షేడ్ ప్లగిన్‌లో దీనికి సర్వీసెస్‌రిసోర్స్‌ట్రాన్స్‌ఫార్మర్ ఉంది.

కమాండ్ లైన్‌లో నడిపేటప్పుడు చాలామంది తట్టుకుని పడే రాయి ఒకటుంది. జావాకు "-జార్" ఇస్తే "-సీపీ"లో ఇచ్చినదంతా పక్కకు పోతుంది. కాబట్టి మీ జార్‌నూ, జనరేటర్ జార్‌నూ రెండింటినీ "-సీపీ"లో పెట్టి, ఓపెన్‌ఏపీఐజనరేటర్ అనే మెయిన్ క్లాసు పేరు చెప్పి నడపండి. రెండు జార్ల మధ్య లినక్స్‌లో అపూర్ణ విరామ చిహ్నం (:), విండోస్‌లో అర్ధవిరామ చిహ్నం (;) రావాలి.

మూడో మెట్టు: జార్ లోపలి ఫైలును స్ట్రీమ్‌గానే చదవండి

నన్ను ఆ రోజు ఆపేసింది ఇక్కడే. నేను రాసిన వరుస ఏమిటంటే: క్లాసును గెట్‌రిసోర్స్ అడిగి, వచ్చిన యూఆర్‌ఎల్‌ను యూఆర్‌ఐగా మార్చి, దాన్ని ఫైల్ కన్‌స్ట్రక్టర్‌కు ఇవ్వడం. ఐడీఈలో (కోడ్ రాసే ఎడిటర్‌లో) నడిపినప్పుడు రిసోర్సులు టార్గెట్ ఫోల్డర్‌లో మామూలు ఫైళ్ళుగా ఉంటాయి. అప్పుడు యూఆర్‌ఎల్ "ఫైల్:" అని మొదలవుతుంది, అంతా బాగుంటుంది. జార్‌గా కట్టిన తర్వాత అదే యూఆర్‌ఎల్ "జార్:ఫైల్:" అని మొదలై, జార్ పేరు తర్వాత ఆశ్చర్యార్థకంతో, ఆపైన లోపలి దారితో వస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ దృష్టిలో అలాంటి ఫైలే లేదు. డిస్క్ మీద ఉన్నది జార్ ఒక్కటే, మనది దాని కడుపులో ఉన్న కొన్ని బైట్లు. అందుకే ఫైల్ కన్‌స్ట్రక్టర్ ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్ విసురుతుంది.

మందు ఒక్కటే: గెట్‌రిసోర్స్‌యాజ్‌స్ట్రీమ్. జార్‌లో ఉన్నా, ఫోల్డర్‌లో ఉన్నా అది ఒకేలా పనిచేస్తుంది. ఫైల్, పాత్ అనే మాటలు ఈ భాగంలో రానివ్వకండి. ఏదైనా లైబ్రరీ ఫైలే కావాలని పట్టుబడితే, స్ట్రీమ్‌ను తాత్కాలిక ఫైల్లోకి కాపీ చేసి ఆ దారి ఇవ్వండి.

దీన్ని పిలిచే తీరులో నాలుగు మెలికలు ఉన్నాయి.

ముందు గీత సంగతి. క్లాసు మీద పిలిస్తే, పేరు ముందు వాలు గీత ఉంటే జార్ వేరు నుంచి వెతుకుతుంది, లేకపోతే ఆ క్లాసు ఉన్న ప్యాకేజీ నుంచి వెతుకుతుంది. క్లాస్‌లోడర్ (క్లాసులను మెమరీలోకి తెచ్చే జావా భాగం) మీద పిలిస్తే ఎప్పుడూ వేరు నుంచే వెతుకుతుంది, అక్కడ ముందు గీత పెట్టకూడదు. ఒకచోటి కోడ్ మరోచోటికి అతికించినప్పుడు ఈ గీత వల్లే రిసోర్సు మాయమవుతుంది.

తర్వాత, గెట్‌క్లాస్ మెథడ్‌ను వాడకండి, మీ క్లాసు పేరునే నేరుగా రాయండి. రేపు ఎవరైనా మీ జనరేటర్‌ను విస్తరించి వేరే ప్యాకేజీలో కొత్త క్లాసు రాస్తే, గెట్‌క్లాస్ ఆ కొత్త క్లాసును తెచ్చిస్తుంది, వెతుకులాట ఆ ప్యాకేజీకి మారిపోతుంది.

మూడోది, థ్రెడ్ కాంటెక్స్ట్ క్లాస్‌లోడర్‌ను నమ్ముకోకండి. మేవెన్ ప్రతి ప్లగిన్‌కూ వేరు క్లాస్‌లోడర్ ఇస్తుంది. మామూలుగా అది అందుబాటులోనే ఉంటుంది కానీ, పని ఉమ్మడి థ్రెడ్ పూల్‌లోకి వెళ్తే జావా 9 తర్వాత అక్కడి థ్రెడ్లకు సిస్టమ్ క్లాస్‌లోడర్ ఉంటుంది. దానికి మీ ప్లగిన్ జార్ గురించి తెలియదు. మీ క్లాసును లోడ్ చేసిన క్లాస్‌లోడర్‌కు మీ జార్ ఎక్కడుందో ఎప్పుడూ తెలుసు, దాన్నే అడగండి.

నాలుగోది ఫైలు పేరు. జార్ వేరులో "కాన్ఫిగ్.యామల్" అని పెడితే అదే పేరుతో మరో లైబ్రరీలోనూ ఉండవచ్చు, క్లాస్‌పాత్‌లో ముందున్నది గెలుస్తుంది. మీ ప్యాకేజీ దారిలోనే పెట్టండి. పెద్ద, చిన్న అక్షరాల తేడా కూడా చూసుకోండి. విండోస్ ఫోల్డర్‌లో ఆ తేడా పట్టింపు ఉండదు, జార్‌లో ఉంటుంది.

రిసోర్సు దొరకకపోతే గెట్‌రిసోర్స్‌యాజ్‌స్ట్రీమ్ ఎక్సెప్షన్ ఇవ్వదు, నల్ (ఏమీ లేదని చెప్పే విలువ) ఇస్తుంది. వెంటనే పరీక్షించి, వెతికిన పేరుతో సహా సందేశం రాసి ఆపేయండి. స్ట్రీమ్‌ను ట్రై బ్రాకెట్లలోనే తెరవండి, అది తనంతట తాను మూసుకుంటుంది.

నాలుగో మెట్టు: వాడేవారి ఫైలు దారిని సరైన సమయంలో అందుకోండి

మీ జనరేటర్ కన్‌స్ట్రక్టర్‌లో క్లైఆప్షన్స్ జాబితాకు ఒక ఆప్షన్ చేర్చండి. పేరు "మాస్క్‌కాన్ఫిగ్" అనుకుందాం. వివరణ కూడా రాయండి, ఎందుకంటే "కాన్ఫిగ్-హెల్ప్" ఆదేశం ఇచ్చినప్పుడు వాడేవారికి కనిపించేది అదే.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఫైలును కన్‌స్ట్రక్టర్‌లో చదవకండి. దీనికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది అందరికీ త్వరగానే తెలుస్తుంది: కన్‌స్ట్రక్టర్ నడిచే సమయానికి వాడేవారు ఇచ్చిన విలువలు అడిషనల్‌ప్రాపర్టీస్ మ్యాపులోకి ఇంకా చేరవు, కాబట్టి అడిగితే నల్ వస్తుంది. రెండోది అంత తేలిగ్గా తట్టదు. జనరేటర్‌ను పేరుతో వెతికేటప్పుడు సర్వీస్‌లోడర్ క్లాస్‌పాత్‌లో ఉన్న జనరేటర్లను ఒక్కొక్కటిగా సృష్టిస్తూ, పేరు కలిసేదాకా పోతుంది. అంటే మీ జనరేటర్‌ను ఎవరూ అడగకపోయినా దాని కన్‌స్ట్రక్టర్ నడవవచ్చు. అందులో మీరు ఎక్సెప్షన్ విసిరితే, వేరే జనరేటర్ వాడుకుంటున్నవారి పని కూడా ఆగుతుంది. ఉన్న జనరేటర్ల పేర్లు చూపే "లిస్ట్" ఆదేశం సైతం నడవదు. కన్‌స్ట్రక్టర్‌లో పేర్లు, డిఫాల్టులు పెట్టండి, అంతకు మించి ఏమీ చేయకండి.

చదవవలసిన చోటు ప్రాసెస్‌ఆప్ట్స్ మెథడ్. ముందుగా సూపర్ మెథడ్‌ను పిలవండి, ఆ తర్వాత అడిషనల్‌ప్రాపర్టీస్ నుంచి మీ విలువ తీసుకోండి. అది ఆబ్జెక్ట్ రకంగా వస్తుంది. కమాండ్ లైన్‌లో "-పి" ద్వారా ఇచ్చినదంతా అక్షరాలుగా వస్తుంది, "-సి" ద్వారా యామల్ లేదా జేసన్ ఫైల్లో ఇచ్చినది నిజమైన బూలియన్‌గా, సంఖ్యగా రావచ్చు. నేరుగా స్ట్రింగ్‌గా క్యాస్ట్ చేస్తే ఒకరికి పనిచేసి మరొకరికి విరిగిపోతుంది. స్ట్రింగ్‌గా మార్చుకుని వాడండి. బూలియన్లకైతే కన్వర్ట్‌ప్రాపర్టీటుబూలియన్ అనే సహాయక మెథడ్ సిద్ధంగా ఉంది. "-పి"లో విలువల మధ్య కామా పెట్టి విడదీస్తారు కాబట్టి ఫోల్డర్ పేరులో కామా ఉంటే దారి ముక్కలవుతుంది. అలాంటప్పుడు "-సి" ఫైలే మంచిది.

ఐదో మెట్టు: దారి ఎక్కడి నుంచి లెక్కించాలి?

వాడేవారు "కాన్ఫిగ్/మాస్క్.యామల్" అని ఇచ్చారనుకోండి. ఎక్కడి నుంచి? జావా దీన్ని ప్రాసెస్ మొదలైన ఫోల్డర్ నుంచి లెక్కిస్తుంది. పది మాడ్యూళ్ళున్న మేవెన్ ప్రాజెక్టులో పై ఫోల్డర్ నుంచి బిల్డ్ మొదలుపెడితే అది పై ఫోల్డర్, మాడ్యూల్‌లోకి వెళ్ళి మొదలుపెడితే ఆ మాడ్యూల్. ఒకే పామ్ (మేవెన్ సెట్టింగుల) ఫైలు, ఇద్దరు మనుషులు, రెండు ఫలితాలు. గ్రేడిల్ అనే మరో బిల్డ్ సాధనంలో పని చేసేది వెనుక ఎప్పటి నుంచో నడుస్తున్న డీమన్, అక్కడ ప్రస్తుత ఫోల్డర్ మీద ఆధారపడటం ఇంకా తప్పు.

పరిష్కారం వాడేవారి వైపు నుంచి సులువు. మేవెన్‌లో దారి ముందు ప్రాజెక్ట్.బేస్‌డిర్ వేరియబుల్ పెట్టాలి, గ్రేడిల్‌లో ప్రాజెక్ట్‌డిర్ పెట్టాలి. మీ పత్రాల్లోని ఉదాహరణలన్నీ ఇలాగే రాయండి. జనం పత్రం చదవరు, ఉదాహరణను కాపీ చేసుకుంటారు. అది సరిగ్గా ఉంటే సగం ఫిర్యాదులు రావు.

ఎక్స్‌టెన్షన్ వైపు నుంచి, వచ్చిన దారిని పూర్తి దారిగా మార్చి, నార్మలైజ్ చేసి, ఫైలు ఉందో లేదో చూడండి. లేకపోతే ఇలాంటి సందేశంతో ఆపండి: "మాస్క్‌కాన్ఫిగ్ ఫైలు దొరకలేదు. మీరు ఇచ్చినది ఇది. నేను వెతికిన పూర్తి దారి ఇది. ప్రస్తుత ఫోల్డర్ ఇది." ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే చూసినవారికి కారణం అర నిమిషంలో తెలుస్తుంది. "ఫైలు లేదు" అని మాత్రమే రాస్తే మీకు ఫోను వస్తుంది.

స్పెసిఫికేషన్ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కించడం మరో పద్ధతి. గెట్‌ఇన్‌పుట్‌స్పెక్ మెథడ్ ఆ దారిని ఇస్తుంది. ఇది నాకు నచ్చిన పద్ధతే కానీ, స్పెసిఫికేషన్ వెబ్ చిరునామా నుంచి కూడా రావచ్చు. అప్పుడు ఏం చేయాలో ముందే నిర్ణయించుకోవాలి.

ఆరో మెట్టు: ఫార్మాట్, ఎన్‌కోడింగ్

తెలుగులో పని చేసేవారికి ఈ మెట్టు మరీ ముఖ్యం.

ప్రాపర్టీస్ ఫైలు తేలిక, అదనపు లైబ్రరీ అక్కర్లేదు. కానీ ప్రాపర్టీస్ క్లాసు లోడ్ మెథడ్‌కు ఇన్‌పుట్‌స్ట్రీమ్ ఇస్తే అది ఐఎస్‌ఓ-8859-1 పద్ధతిలో చదువుతుంది. "తెలుగు" అనే మాటనే తీసుకోండి. కోడ్ పాయింట్లుగా చూస్తే అందులో ఆరు ఉన్నాయి: త, ఎత్వం, ల, ఉకారం, గ, ఉకారం. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి మూడు బైట్లు, మొత్తం 18 బైట్లు. ఐఎస్‌ఓ-8859-1 ప్రతి బైటునూ ఒక అక్షరంగా చూస్తుంది కాబట్టి 18 పిచ్చి అక్షరాలు వస్తాయి. తల మీద చిన్న వాలు గీత ఉన్న లాటిన్ చిన్న "ఎ" అక్షరం (à) మూడు బైట్లకు ఒకసారి చొప్పున ఆరుసార్లు కనిపిస్తుంది. పుట్టిన జావా ఫైల్లో తెలుగు సందేశం బదులు ఆ గీత అక్షరం పదేపదే కనిపిస్తే, కారణం ఇదేనని చూడగానే చెప్పవచ్చు.

జావా 9తో ఇది పోయిందని కొందరు అనుకుంటారు. అప్పుడు మారింది రిసోర్స్‌బండిల్ చదివే ప్రాపర్టీస్ ఫైళ్ళకు మాత్రమే. ప్రాపర్టీస్ క్లాసు ఇన్‌పుట్‌స్ట్రీమ్‌ను చదివే తీరు పాతదే. మందు: స్ట్రీమ్‌ను యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పిన రీడర్‌లో చుట్టి, ఆ రీడర్‌ను లోడ్ మెథడ్‌కు ఇవ్వండి. ఫైల్‌రీడర్‌ను ఎన్‌కోడింగ్ చెప్పకుండా వాడితే జావా 18కి ముందు అది ఆ యంత్రం డిఫాల్ట్‌ను పట్టుకుంటుంది. లినక్స్‌లో సరిగ్గా వచ్చి విండోస్‌లో చెడిపోయే ఫైళ్ళ కథ చాలాసార్లు ఇదే.

ప్రాపర్టీస్‌లో మరో రెండు చిక్కులు ఉన్నాయి. విండోస్ దారిలోని వెనుక వాలు గీతను అది ఎస్కేప్ గుర్తుగా తీసుకుంటుంది. "టెంప్" ఫోల్డర్ ముందున్న గీత, మొదటి అక్షరంతో కలిసి ట్యాబ్‌గా మారిపోతుంది. ఇంకొకటి, అందులోని కీలు మీరు రాసిన వరుసలో రావు. వరుస మారితే పుట్టే కోడ్‌లోనూ వరుస మారవచ్చు, మార్పు లేనిచోట కూడా గిట్‌లో తేడా కనిపిస్తుంది. జనరేటర్‌కు ఒకే ఇన్‌పుట్ ఇస్తే అక్షరం తేడా లేకుండా ఒకే అవుట్‌పుట్ రావాలి. అందుకే మ్యాపులన్నీ లింక్డ్‌హ్యాష్‌మ్యాప్ లేదా ట్రీమ్యాప్ ఉండాలని నేను పట్టుబడతాను.

ఇన్ని చూశాక, మన పనికి యామల్ నయం. జాక్సన్ అనే ఫైళ్ళు చదివే లైబ్రరీ, దాని యామల్ భాగం ఓపెన్‌ఏపీఐ జనరేటర్ వెంటే వస్తాయి కాబట్టి మీ జార్‌లో వాటిని మళ్ళీ కట్టకండి, "ప్రొవైడెడ్" స్కోప్ చాలు. వేరే వెర్షన్ తెచ్చిపెడితే రెండూ కొట్టుకుంటాయి.

యామల్‌లో కోట్స్ విషయంలో మొహమాటపడకండి. యామల్ 1.1 నియమాలు పాటించే స్నేక్‌యామల్ లైబ్రరీతో నేరుగా చదివితే, హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 040 సున్నాతో మొదలైంది కాబట్టి ఆక్టల్ సంఖ్య అవుతుంది, మీ చేతికి 32 వస్తుంది. విజయవాడ 0866లో 8 ఉంది, అది ఆక్టల్ కాదు, కాబట్టి అక్షరాలుగానే మిగులుతుంది. ఒకే జాబితాలో ఒకటి సంఖ్య, ఒకటి మాట. రెండింటికీ కోట్స్ పెడితే ఈ గొడవే ఉండదు. అలాగే ఇంగ్లిషులో "నో", "ఆఫ్" అన్న మాటలు బూలియన్ ఫాల్స్‌గా మారతాయి. బయటివారి నుంచి వచ్చే ఫైలును స్నేక్‌యామల్ పాత వెర్షన్ల మామూలు కన్‌స్ట్రక్టర్‌తో చదవడం భద్రత దృష్ట్యా ప్రమాదం. ఫైల్లో రాసిన ఏ క్లాసునైనా సృష్టించే వీలు అందులో ఉండేది, 2022లో దానికి సీవీఈ సంఖ్య (బహిరంగంగా నమోదైన భద్రతా లోపాలకు ఇచ్చేది) కూడా వచ్చింది. సేఫ్‌కన్‌స్ట్రక్టర్ వాడండి.

ఏడో మెట్టు: మ్యాపుగా కాదు, క్లాసుగా చదవండి

ఫైలును మ్యాపులోకి చదివి, కోడ్ నిండా కీ పేర్లు చల్లడం ఆ రోజుకు తేలికగా ఉంటుంది. కానీ ఎవరైనా "మరుగు" బదులు "మరగు" అని రాస్తే మ్యాపు నోరు మెదపదు, ఖాళీ జాబితా వస్తుంది. మాస్క్‌సెట్టింగ్స్ అని చిన్న క్లాసు రాసి, జాక్సన్‌తో అందులోకి చదవండి. తెలియని కీ కనిపిస్తే ఎక్సెప్షన్ ఇవ్వాలని ఫెయిల్‌ఆన్‌అన్‌నోన్‌ప్రాపర్టీస్ సెట్టింగ్‌ను మీరే స్పష్టంగా ఆన్ చేయండి. ఒకే కీ రెండుసార్లు రాస్తే పట్టుకునే సెట్టింగ్ కూడా ఉంది, అదీ ఆన్ చేయండి. ఎక్సెప్షన్‌లో వరుస సంఖ్య వస్తుంది. దాన్ని మింగేయకుండా ఫైలు పూర్తి దారితో కలిపి పైకి పంపండి.

జార్‌లోని డిఫాల్టులనూ, వాడేవారి విలువలనూ కలిపే నియమం ఒక్క వాక్యంలో చెప్పగలిగేలా ఉండాలి. నేను పెట్టుకున్నది ఇది: విడి విలువ అయితే వాడేవారిదే నెగ్గుతుంది, జాబితా అయితే వాడేవారి జాబితా మొత్తంగా డిఫాల్ట్ జాబితా స్థానంలోకి వస్తుంది. రెండు జాబితాలను కలిపితే, డిఫాల్ట్‌లో ఉన్నదాన్ని తీసేసే దారి వాడేవారికి ఉండదు.

ఇప్పుడు అన్నిటికన్నా విలువైన తనిఖీ. ఫైల్లో రాసిన ప్రతి పేరూ నిజంగా స్పెసిఫికేషన్‌లో ఉందా? పోస్ట్‌ప్రాసెస్‌మోడల్‌ప్రాపర్టీ మెథడ్ ప్రతి ఫీల్డుకూ నడుస్తుంది. అక్కడ ఫీల్డు బేస్‌నేమ్‌ను ఫైల్లోని పేరుతో పోల్చండి. బేస్‌నేమ్ అంటే స్పెసిఫికేషన్‌లోని అసలు పేరు. జావా కోసం మార్చిన పేరుతో పోలిస్తే అండర్‌స్కోర్ ఉన్నవన్నీ తప్పిపోతాయి. కలిసిన ప్రతి జతనూ ఒక సెట్‌లో రాసుకోండి. మోడళ్ళన్నీ అయ్యాక ఒకసారి నడిచే పోస్ట్‌ప్రాసెస్‌ఆల్‌మోడల్స్‌లో, ఫైల్లో ఉండి సెట్‌లో లేనివి ఏవో చూడండి. ఒక్కటి మిగిలినా బిల్డ్ ఆపండి.

ఇది అతి జాగ్రత్త కాదా అని నన్ను అడిగినవారు ఉన్నారు. స్పెసిఫికేషన్‌లో ఎవరో "ఫోన్" అన్న ఫీల్డును "మొబైల్"గా మారుస్తారు. కాన్ఫిగరేషన్ ఫైల్లో పాత పేరే ఉంటుంది. అంతా కంపైల్ అవుతుంది, పరీక్షలు పాస్ అవుతాయి, ఫోన్ నంబర్లు మాత్రం లాగ్‌లోకి వెళ్తుంటాయి. ఈ తనిఖీ ఉంటే ఆ మార్పు చేసిన మనిషికే, ఆ నిమిషానికే తెలుస్తుంది.

ఎనిమిదో మెట్టు: విలువను టెంప్లేటుకు చేర్చడం

కలిసిన ఫీల్డుకు వెండర్‌ఎక్స్‌టెన్షన్స్ మ్యాపులో "ఎక్స్-మాస్క్" అని ఒక గుర్తు పెట్టండి. మస్టాష్ టెంప్లేటులో (పుట్టే కోడ్‌కు అచ్చుగా వాడే ఫైల్లో) టూస్ట్రింగ్ రాసే చోట ఆ గుర్తు ఉంటే చుక్కలు, లేకపోతే మామూలు విలువ రాయించండి. టెంప్లేటుకు తెలియవలసింది ఇంతే, ఫైలు సంగతి దానికి అక్కర్లేదు.

టెంప్లేటులో విలువను రెండు పువ్వు బ్రాకెట్లలో పెడితే కోట్స్, కోణ బ్రాకెట్ల వంటివి హెచ్‌టీఎంఎల్ గుర్తులుగా మారిపోతాయి. జావా కోడ్‌కు మూడు బ్రాకెట్లు వాడాలి. అప్పుడు ఫైల్లోని విలువలో ఉన్న కోట్ మీ జావా స్ట్రింగ్‌ను మధ్యలో తెంచకుండా ముందే ఎస్కేప్ చేయడం మీ బాధ్యత. పుట్టే కోడ్‌లో తెలుగు సందేశాలు ఉంటే, కంపైల్ చేసే ప్రాజెక్టులోనూ సోర్సు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాసి ఉండాలి.

తొమ్మిదో మెట్టు: బిల్డ్‌లో తగిలించడం

మేవెన్‌లో మీ జార్‌ను ప్రాజెక్టు డిపెండెన్సీల్లో కాదు, ఓపెన్‌ఏపీఐ ప్లగిన్ లోపలి డిపెండెన్సీల్లో రాయాలి. ప్లగిన్ క్లాస్‌పాత్ వేరు, ప్రాజెక్టు క్లాస్‌పాత్ వేరు. "జనరేటర్ దొరకలేదు" అన్న ఫిర్యాదుకు ఎక్కువసార్లు కారణం ఇదే. మాస్క్‌కాన్ఫిగ్ విలువను కాన్ఫిగ్‌ఆప్షన్స్‌లో ఇవ్వండి.

తర్వాత, పాత కోడ్ మిగిలిపోయే ప్రమాదం ఉంది. మేవెన్ ప్లగిన్‌లో స్కిప్‌ఇఫ్‌స్పెక్‌ఈజ్‌అన్‌ఛేంజ్డ్ అనే సెట్టింగ్ ఉంది. పేరులోనే ఉన్నట్లు అది స్పెసిఫికేషన్ మారిందా అని మాత్రమే చూస్తుంది. మీ యామల్ ఫైలు మారినా దానికి తెలియదు, కోడ్ పుట్టించదు. దాన్ని ఆన్ చేయకపోవడమే మంచిది. గ్రేడిల్‌లోనూ ఇదే సమస్య, ఇన్‌పుట్లు మారకపోతే టాస్క్ నడవదు. అక్కడ మీ ఫైలును ఆ టాస్క్ ఇన్‌పుట్‌గా ఒక వరుసలో ప్రకటించవచ్చు, ప్రకటించి తీరాలి.

పదో మెట్టు: పరీక్షను జార్ మీదే నడపండి

యూనిట్ టెస్టులు రాయండి, కానీ వాటితో ఆగకండి. యూనిట్ టెస్టులు నడిచేది విడి ఫోల్డర్లలోని క్లాసుల మీద. జార్‌లోకి వెళ్తేనే బయటపడే తప్పులను అవి చూడలేవు. మేవెన్‌లో వెరిఫై దశలో, అంటే జార్ కట్టిన తర్వాత, ఒక చిన్న స్పెసిఫికేషన్‌తో నిజమైన కమాండ్ లైన్‌ను నడపండి. ఆ పరీక్షలో ఐదు పనులు చేయించండి: జార్ ఉన్న ఫోల్డర్ కాకుండా వేరే ఫోల్డర్ నుంచి నడపడం, దారిలో ఖాళీ ఉన్న ఫోల్డర్ వాడటం, యామల్‌లో ఒక తెలుగు సందేశం పెట్టి పుట్టిన జావా ఫైల్లో అదే సందేశం ఉందని చూడటం, లేని ఫీల్డు పేరు రాసి బిల్డ్ ఆగిందని నిర్ధారించుకోవడం, ఒకే ఇన్‌పుట్‌తో రెండుసార్లు నడిపి రెండు అవుట్‌పుట్ ఫోల్డర్లనూ బైటు బైటుగా పోల్చడం.

ఏదైనా తేడా వస్తే "డీబగ్‌మోడల్స్" గ్లోబల్ ప్రాపర్టీ పెట్టి నడపండి. టెంప్లేటుకు వెళ్ళే సమాచారమంతా జేసన్‌గా తెర మీద పడుతుంది. అందులో మీ ఫీల్డు దగ్గర "ఎక్స్-మాస్క్" కనిపిస్తే తప్పు టెంప్లేటులో ఉంది, కనిపించకపోతే ఫైలు చదివే చోట ఉంది.